నల్లటి పొర పసుపుపచ్చగా

డ్రాయర్ తీసి చూద్దును కదా, గాజు పలక అంచంతా పసుపుపచ్చగా మారిపోయింది. శుక్రవారం పెట్టినప్పుడు నల్లగా నిగనిగలాడింది అది.

పెరోవ్‌స్కైట్ అనే స్ఫటిక పదార్థంతో చేసిన సోలార్ సెల్. అగ్గిపెట్టె అంత కూడా ఉండదు. డబ్బా మూత సరిగ్గా బిగించలేదు, తప్పు నాదే. తేమ తగిలితే ఆ నల్లటి పొర విడిపోయి లెడ్ అయొడైడ్ మిగులుతుంది. ఆ పసుపు దానిదే. ముగ్గురం రెండు వారాలు కూర్చుని చేసిన పని!

మా గైడ్‌కి చూపిస్తే తిట్టలేదు. "ఎన్ని రోజులకి పాడైందో రాసుకున్నావా?" అన్నారంతే. తిట్టినా బాగుండేది.

2009లో ఈ రకం సెల్ సామర్థ్యం, అంటే పడిన ఎండలో కరెంటుగా మారే వంతు, 3.8 శాతం. ఇప్పుడు ల్యాబుల్లో 26 దాటింది. సిలికాన్ 1954లో 6 శాతం దగ్గర మొదలై ఇక్కడిదాకా రావడానికి దశాబ్దాలు పట్టింది. కాకపోతే సిలికాన్ ప్యానెల్ ఎండకీ వానకీ పాతికేళ్లు నిలబడుతుంది. నాది డ్రాయర్‌లో మూడు రోజులు.

2015లో పారిస్‌లో 20 దేశాలు స్వచ్ఛ ఇంధన పరిశోధనకి ప్రభుత్వ నిధులు ఐదేళ్లలో రెట్టింపు చేస్తామన్నాయి. వినడానికి ఎంత పెద్ద మాటో! మా ల్యాబ్ దాకా వచ్చేసరికి అంతా ఒక మూత, ఒక రబ్బరు రింగు దగ్గర ఆగింది.

"వాతావరణ మార్పు మీద పని చేస్తావట కదా" అని మొన్నెవరో అడిగితే గర్వంగా తలూపాను కూడా.

పలక పారేయలేదు. తేదీ రాసి పక్కన పెట్టాను. రేపు పొద్దున్నే కొత్త ద్రావణం కలపాలి.