నాన్నగారి సీఓ సాబ్, లేహ్‌లో ఆరు రోజులు

మా నాన్నగారికి ఎవరైనా ఫోన్ చేసి ఫలానా ఆయనకి ఒంట్లో బాలేదండి అంటే ఏమైందని అడగరు. ఇప్పుడెక్కడున్నాడు, అక్కణ్ణుంచి ఆస్పత్రికి ఎంతసేపు పడుద్ది, పక్కన ఎవరున్నారు, ముందు ఈ మూడే అడుగుతారు. జబ్బు పేరు ఆ తర్వాత. చిన్నప్పుడు నాకిది వింతగా ఉండేది. నేనూ నర్సింగ్ చదివి రాజమండ్రిలో డ్యూటీలో చేరి పదకొండేళ్ళయ్యాక ఇప్పుడర్థమవుతుంది ఆ అలవాటు ఎక్కడిదో.

ఆయన ఆర్మీ మెడికల్ కోర్‌లో 20 ఏళ్ళు నర్సింగ్ అసిస్టెంట్‌గా చేసి 2004లో హవల్దార్‌గా రిటైరై వచ్చారు. మాది పి.గన్నవరం అవతల లంక ఊరండి. మా వైపు మిలిటరీ అంటే తుపాకీ, బోర్డరు, క్యాంటీన్ సరుకులు, ఇవే గుర్తొస్తాయి. మిలిటరీకీ ఆస్పత్రులుంటాయని, వాటిని నడిపేవాళ్ళు డాక్టర్లూ ఆఫీసర్లూ రెండూ అయ్యుంటారని, పొద్దున్న పేషెంటు నాడి పట్టుకున్న మనిషే మధ్యాహ్నం అంబులెన్సుల డీజిల్ లెక్క చూడాలని చాలామందికి తెలీదు. ఆ మనుషుల గురించి రాద్దామని ఎప్పట్నుంచో ఉంది, మొన్న పండక్కి ఇంటికెళ్ళినప్పుడు నాన్నగారి పక్కన కూర్చుని రెండు రోజులు చెప్పించుకున్నా.

మిలిటరీ ఆస్పత్రికి పెద్ద కమాండెంట్. ఆయన డాక్టరే. నాన్నగారు మాత్రం పాత అలవాటుకొద్దీ ఎవర్నైనా సీఓ సాబ్, అంటే కమాండింగ్ ఆఫీసర్ గారు అనే అంటారు. ఆయన కింద రిజిస్ట్రార్, అంటే కాగితాలు, క్రమశిక్షణ చూసే ఆఫీసరు. వార్డులన్నీ ప్రిన్సిపల్ మేట్రన్ చేతిలో ఉంటాయి. జవాన్ల మంచీ చెడ్డా సుబేదార్ మేజర్ సాబ్ చూసుకుంటారు. నాన్నగారి దృష్టిలో ఆస్పత్రిని నడిపేది ఒక్క కమాండెంట్ కాదు, ఈ నలుగురూ కలిసి. ఆ మేట్రన్లు మిలిటరీ నర్సింగ్ సర్వీసు ఆఫీసర్లు, భుజం మీద స్టార్లుంటాయి. 1888లో ఇంగ్లండు నుంచి పదిమంది నర్సులు ఓడ దిగి బొంబాయిలో మొదలెట్టిన సర్వీసు అది. నాన్నగారి వార్డుకి ఉన్న మేడం మలయాళీ, గట్టిగా మాట్లాడ్డం ఆయన ఎప్పుడూ వినలేదంట, కానీ ఆవిడ వార్డు గుమ్మంలో కాలు పెడితే ఆరడుగుల జవాన్లు దుప్పటి అంచులు సరిచేసుకునేవారంట.

ఒక సీఓ సాబ్ గురించి చెప్పిన సంగతి నాకు బాగా పట్టుకుంది. ఆయన రౌండు వార్డులో మొదలయ్యేది కాదంట. ముందు లంగరు, అంటే వంటిల్లు. గరిటెడు పప్పు తనే తీసుకుని నిలబడి తినేవారు. తర్వాత బాత్రూములు, తర్వాత ఆక్సిజన్ సిలిండర్ల గది, అక్కడ ఒక్కో సిలిండరు గేజీ తన కళ్ళతో చూసుకునేవారు. ఆ తర్వాతే పేషెంట్ల దగ్గరికి. ఎందుకలా అంటే నాన్నగారు ఏమన్నారంటే, ఆపరేషన్ చెయ్యడానికి సర్జన్ ఉన్నాడమ్మా, సిలిండర్ ఖాళీగా ఉందని అర్ధరాత్రి తెలిస్తే దానికి జవాబు చెప్పాల్సింది సీఓనే కదా అని. నేను మా ఆస్పత్రిలో నైట్ షిఫ్ట్ ఇన్‌ఛార్జిగా ఉన్నప్పుడల్లా ముందు సిలిండర్లే చూస్తా, ఇది నాకు కాలేజీలో రాలేదండి, మా ఇంట్లోంచి వచ్చింది.

ఇంకోటి, డీఐఎల్ అని ఒక లిస్టుంటది. ప్రాణాపాయంలో ఉన్న పేషెంటు పేరు ఆ లిస్టులో ఎక్కితే వెంటనే ఇంటికి కబురెళ్ళాలి. ఆ రోజుల్లో టెలిగ్రామ్. సీఓ సాబ్ ఆ కాగితం మీద సంతకం పెట్టేముందు కుర్రాడి మంచం దగ్గరికెళ్ళి ఒకసారి నిలబడి చూసి వచ్చేవారంట, ఫైలు చూసి ఎప్పుడూ పెట్టలేదంట. టెలిగ్రామ్ అందుకునే అమ్మ ఏ ఊళ్ళో ఉంటుందో అని ఆయన ఒకసారి పైకే అన్నారంట. ఈ మాట చెప్పి నాన్నగారు కాసేపు మాట్లాడలేదు.

ఇక లద్దాఖ్‌లోని లేహ్ సంగతి. ఇది నేను వందసార్లు విన్నా.

మా కోనసీమ కుర్రాడు సముద్రమట్టానికి నాలుగు మీటర్లు కూడా లేని ఊళ్ళో పుట్టి పెరుగుతాడు. అలాంటోణ్ణి విమానం ఎక్కించి గంటన్నరలో 11 వేల అడుగులు దాటిన లేహ్‌లో దింపితే ఒంటికి తెలీదు కదండీ ఏం జరిగిందో. గాలి పల్చగా ఉంటది. దిగిన రోజు మనిషి హుషారుగానే ఉంటాడు, అదే మోసం, పరిగెడతానంటాడు, బరువులు మోస్తానంటాడు. రెండో రాత్రికి పొడిదగ్గు, పడుకుంటే ఊపిరాడదు, పెదాలు నీలం రంగు తిరుగుతాయి, ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుద్ది. దీన్ని హేపో అంటారు. ఆక్సిజన్ పెట్టి వీలైనంత త్వరగా కిందకి దించకపోతే మనిషి దక్కడు. ఆ ఛాతీ మీద స్టెతస్కోప్ పెడితే ఎలా వినపడుద్ది నాన్నగారూ అని అడిగా. మన రొయ్యల చెరువుల్లో రాత్రిపూట ఏరేటర్ తిరిగినప్పుడు నీళ్ళు బుడబుడమంటాయి చూడు, దూరం నుంచి వింటే అలాగే అన్నారు. నేను చాలా పుస్తకాల్లో ఈ జబ్బు గురించి చదివా కానీ ఇంతకంటే బాగా ఎవరూ చెప్పలేదు.

అందుకే ఆర్మీలో ఒక లెక్కుంది. 9 వేల నుంచి 12 వేల అడుగుల దగ్గర ఆరు రోజులు ఆగాలి, 15 వేల దాకా పోవాలంటే ఇంకో నాలుగు రోజులు, ఆపైకి మరో నాలుగు. మొదటి రెండు రోజులు పూర్తి రెస్టు, తర్వాత మెల్లగా నడక. ఈ లెక్క ఊరికే రాలేదండి. 1962 చైనా యుద్ధంలో మైదానాల్లో ఉన్న జవాన్లని ఒక్కసారిగా కొండల మీదకి తీసుకెళ్ళాల్సొచ్చింది, చాలామంది తుపాకీ దెబ్బ తగలకుండానే ఊపిరాడక పడిపోయారు. ఇందర్ సింగ్ అనే ఆర్మీ డాక్టరు, ఆయన తోటి డాక్టర్లు 11 వేల నుంచి 18 వేల అడుగుల మధ్య జబ్బుపడ్డ 1,925 మంది జవాన్ల కేసులు కూర్చి 1969లో అచ్చేశారు. ప్రపంచంలో ఎత్తు జబ్బుల గురించి చదివేవాళ్ళకి ఇప్పటికీ అది పెద్ద ఆధారం.

లెక్క కాగితం మీద ఉండటం వేరు, దాన్ని నిలబెట్టడం వేరు. నాన్నగారు లేహ్‌లో ఉండగా ఒక పెద్ద ఆఫీసరు విమానం దిగి మర్నాడే పైకి పోతానన్నారంట, పని అర్జెంటు. డాక్టరు సాబ్ ఆయనకంటే రెండు ర్యాంకులు కింద. ఆ డాక్టరు నిలబడి సెల్యూట్ కొట్టి, సర్, ఆరు రోజులు, అన్నారంట. పెద్దాయన గొంతు పెంచితే మళ్ళీ అదే మాట, సర్, ఆరు రోజులు. మీరు వెళ్తానంటే నేను రాతపూర్వకంగా అన్‌ఫిట్ అని రాస్తాను సర్ అని కూడా అన్నారంట. పెద్దాయన ఆగారు. నాన్నగారు పక్కన బీపీ మిషన్ పట్టుకుని నిలబడి చూశారు ఇదంతా. ఆ వారంలోనే రాజోలు వైపు కుర్రాడొకడు ఎవరికీ చెప్పకుండా నాలుగో రోజు బరువులు మోసి పడిపోతే ఆ డాక్టరే రాత్రంతా మంచం పక్కన కూర్చున్నారు, కుర్రాడు బతికాడు, ఇప్పటికీ సంక్రాంతికి మా ఇంటికొచ్చి వెళ్తాడు.

నాకు మిలిటరీ వైద్యాన్ని నడిపేవాళ్ళంటే ఇదేనండి. తనకంటే పై ర్యాంకువాడికి ఆగు అని చెప్పగలిగినవాళ్ళు. మామూలు ఆస్పత్రిలో పేషెంటు పేషెంటే, అక్కడ పేషెంటే నీ బాసు కూడా కావొచ్చు.

లక్నోలో ట్రైనింగప్పుడు నాన్నగారికి చెప్పిన కథ ఒకటుంది, నిజంగా జరిగింది. 1950లో కొరియా యుద్ధానికి మన దేశం సైన్యాన్ని కాకుండా 60 పారా ఫీల్డ్ అంబులెన్సు అనే వైద్య దళాన్ని పంపింది. లెఫ్టినెంట్ కల్నల్ రంగరాజ్ దానికి పెద్ద. ప్యాంగ్యాంగ్ నుంచి వెనక్కి వచ్చెయ్యాల్సొచ్చినప్పుడు సామాను తీసుకెళ్ళడానికి బళ్ళు లేవు. సామాను లేకపోతే మనం డాక్టర్లం ఎలా అవుతాం అని వీళ్ళు ఒక పాత ఆవిరి రైలింజను వెతికి పట్టుకుని, చేతికందిన గిన్నెలతో చేతులు మార్చుకుంటూ నీళ్ళు నింపి, మొత్తం ఎక్కించుకుని వంతెన పేల్చేసే లోపు దాటేశారు. రంగరాజ్ గారికి మహావీర్ చక్ర ఇచ్చారు. అదే దళం 2023 ఫిబ్రవరిలో తుర్కియే భూకంపానికి 99 మందితో వెళ్ళి ఇస్కెండెరున్‌లో ఆస్పత్రి పెట్టింది. టీవీలో చూస్తూ నాన్నగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

పై స్థాయిలో ఇప్పుడు ఆడవాళ్ళు వచ్చారు. 2024 ఆగస్టు 1న లెఫ్టినెంట్ జనరల్ సాధనా సక్సేనా నాయర్ గారు ఆర్మీ వైద్య సేవల డైరెక్టర్ జనరల్ అయ్యారు. అదే ఏడు అక్టోబర్ 1న సర్జన్ వైస్ అడ్మిరల్ ఆర్తీ సరీన్ గారు మూడు దళాల వైద్య సేవలకి కలిపి డైరెక్టర్ జనరల్ అయ్యారు. రెండు కుర్చీల్లోనూ ఆడవాళ్ళు కూర్చోవడం అదే మొదలు. సరీన్ గారు క్యాన్సర్ రేడియేషన్ డాక్టరు, ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్సు మూడు యూనిఫాంలూ వేసుకున్న మనిషి. వీళ్ళకంటే ముందు ఎయిర్ మార్షల్ అయిన మొదటి మహిళ పద్మా బందోపాధ్యాయ్ గారు పుట్టింది మన తిరుపతిలోనే. ఈ పేర్లు మా నర్సింగ్ క్లాసుల్లో ఎవరూ చెప్పలేదు, చెప్పుంటే మా బ్యాచ్‌లో ఇద్దరు ముగ్గురైనా అటు వెళ్ళేవాళ్ళని నాకు నమ్మకం.

రిటైరయ్యాక జవాన్లకి 2003 ఏప్రిల్‌లో మొదలైన ఈసీహెచ్‌ఎస్ అనే వైద్య పథకం ఉంది. దాని పాలీక్లినిక్‌కి ఓఐసీ అని, అంటే ఇన్‌ఛార్జిగా, ఒక రిటైర్డ్ ఆఫీసరు ఉంటారు. మూడేళ్ళ క్రితం నాన్నగారికి రాత్రి ఛాతీ నొప్పొస్తే ఒక ప్రైవేటు ఆస్పత్రికి తీసుకెళ్ళాం, స్కీములో ఉన్నదే. కౌంటర్లో కుర్రాడు రిఫరల్ కాగితం తెండి, లేదా 50 వేలు కట్టండి అన్నాడు. రాత్రి పదకొండింటికి రిఫరల్ ఎక్కడ్నుంచి తేవాలి? ఎమర్జెన్సీ అయితే ముందు చేర్చుకుని 48 గంటల్లోపు పాలీక్లినిక్‌కి చెప్తే చాలు, రూలు అదే. నేను అరుస్తున్నా, స్ట్రెచర్ మీదున్న నాన్నగారు మెల్లగా ఓఐసీ సాబ్‌కి ఫోన్ చెయ్యమన్నారు. చేశా. డెబ్బై దగ్గర పడ్డ మనిషి, నిద్రలోంచి లేచి, ఫోన్ ఆ కౌంటర్ కుర్రాడికివ్వమ్మా అన్నారు. ఏం చెప్పారో గానీ రెండు నిమిషాల్లో లోపలికి తీసుకెళ్ళారు. పొద్దున్న ఏడింటికి ఆయనే స్కూటర్ మీద వచ్చి ఐసీయూ బయట నిలబడ్డారు. మందులు స్టాకు లేవని బయట కొనుక్కోమనడం, బిల్లులకి నెలలు తిరగడం, ఆ బాధలు ఇప్పటికీ ఉన్నాయి, మారాలి. కానీ ఆ రాత్రి ఆ ఒక్క ఫోన్ లేకపోతే ఏమయ్యేదో నేను తల్చుకోలేను.

2022 జులైలో గోదావరి వచ్చినప్పుడు ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటింది. మా లంకకి కాజ్‌వే మునిగిపోయింది, రేవులో ఒకటే నాటుపడవ. జనం తోసుకుంటున్నారు. నాన్నగారు లుంగీ ఎగ్గట్టి పడవ ముందు నిలబడి ఎవర్నీ ఎక్కనివ్వలేదు. గట్టిగా ఏడుస్తున్నవాళ్ళని పక్కన కూర్చోబెట్టారు, ఏడ్చే ఓపికుంది కదా అని. అరుగు మీద మాట్లాడకుండా చెమటలు పట్టి కూర్చున్న పెద్దాయన్ని ముందు ఎక్కించారు, తర్వాత నిండు చూలాలిని, తర్వాత డయాలసిస్ మనిషిని. సర్పంచ్ గారి బంధువు ఒకాయన మేమెళ్ళాలి అని గట్టిగా అంటే, వెళ్దురు గాని, మూడో ట్రిప్పు, అన్నారు అంతే. ఆయన మూడో ట్రిప్పు దాకా ఆగారు.

మొన్న పండక్కి మా వీధి చివరింటి అమ్మాయి వచ్చింది. ఇంటర్ రెండో ఏడు, మిలిటరీ నర్సింగ్‌కి వెళ్దామనుకుంటుంది, తాతగారూ నేను పనికొస్తానా అని అడిగింది. నాన్నగారు ఆ పిల్లని ఏటిగట్టు మీదకి తీసుకెళ్ళి రేవు చూపించి, పడవలో ఆరుగురికే చోటమ్మా, ఒడ్డున ఎనిమిదిమంది ఉన్నారు అని ఆ ఎనిమిదిమంది ఎలా ఉన్నారో ఒక్కొక్కర్నీ చెప్పి, ఎవర్ని ఎక్కిస్తావు అన్నారు. ఆ పిల్ల చాలాసేపు నీళ్ళకేసి చూసి, రేపు చెప్తానండి అంది. సరే, ఆలోచించుకునే రామ్మా, నేనెక్కడికీ పోను అన్నారు. మర్నాడు పొద్దున్నే, మేం ఇంకా కాఫీ తాగుతుండగానే గేటు చప్పుడైంది.