స్క్రూలు వేయాల్సిందేనా?

లైట్‌బాక్స్ మీద ఎమ్మారై ఫిల్మ్. నడుం కింది పూసలు ఎల్4-ఎల్5 దగ్గర తెల్లగా, వెడల్పుగా కనపడాల్సిన, నరాలున్న నీటి సంచి సన్నటి గీతలా నొక్కుకుపోయింది. వెన్ను కాలువ ఇరుకైపోవడమంటే ఇదే. "రాడ్లు, స్క్రూలు వేయక తప్పదా?" ఇవాళా మొదటి ప్రశ్న అదే.

చాలామందికి అక్కర్లేదండీ. నరాలను నొక్కేది దళసరెక్కిన లిగమెంటు, పెరిగిన ఎముక. పూస వెనకనుండే ఎముక పలకను, అంటే లామినాను కొంత తొలిచి ఆ లిగమెంటు తీసేస్తే నరాలకు చోటు దొరుకుతుంది. అదే డీకంప్రెషన్. పక్కనే పూసకూ పూసకూ మధ్యనున్న ఫ్యాసెట్ కీలును సగానికి మించి తొలిస్తే మాత్రం తర్వాత పూస జారే ప్రమాదం ఉంది. అందుకే ఆ అంచు దగ్గర అంత నిదానం.

ముందుకు వంగి, వెనక్కి వాలి తీసిన ఎక్స్‌రేల్లో పూస బాగా కదులుతుంటే అప్పుడు ఫ్యూజన్ మాట, అంటే రాడ్లు, స్క్రూలతో పూసలను కలిపేయడం. 2016లో వెలువడ్డ స్వీడన్ అధ్యయనంలో 247 మందిని గమనించారు. పూస కాస్త జారినవాళ్లలో సైతం, డీకంప్రెషన్‌కు ఫ్యూజన్ జోడించినందుకు రెండేళ్ల తర్వాత అదనపు లాభం కనపడలేదు. సంతకం పెట్టించుకునే ముందే ఈ మాట చెప్పాలి.

ఇంకోటి. ఆపరేషన్‌తో కాళ్ల నొప్పి తగ్గి, నడిచే దూరం పెరుగుతుంది. నడుంనొప్పికి అంత భరోసా లేదు.

మూత్రం బిగుసుకుపోయినా, కూర్చునే చోట స్పర్శ తెలియకపోయినా తెల్లారేదాకా ఆగకండి.