బెర్రీ తోటలో పుష్పాసనం పాఠం

వృక్షశాస్త్రం క్లాసులో ఫలాల రకాలు అనే పాఠాన్ని మనలో చాలామంది మార్కుల కోసమే బట్టీ పట్టాం. టమాటా, వంకాయ, ద్రాక్ష మృదుఫలాలు, అంటే బెర్రీలు. పేరులోనే బెర్రీ ఉన్న స్ట్రాబెర్రీ మాత్రం బెర్రీ కాదు. ఈ ఒక్క ముక్క వింతగా ఉండి గుర్తుండిపోయింది, మిగతాదంతా పరీక్ష హాల్లోనే వదిలేశాం. ఇవాళ పెరట్లోనో డాబా మీద కుండీల్లోనో బెర్రీలు పెంచాలనుకునే, మనతో చదివినవాళ్లకు చెప్పదలచింది ఒకటే. ఆ పాఠం మళ్లీ తీయండి. పండులో మనం తినేది పువ్వులోని ఏ భాగమో తెలిస్తే ఎలా పెంచాలి, ఎప్పుడు కోయాలి, కాయ ఎందుకు చెడింది అన్నవాటికి సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

స్ట్రాబెర్రీలో మనం తినే ఎర్రటి కండ పువ్వులో గింజలు కట్టే అండాశయం కాదు, ఉబ్బిన పుష్పాసనం, అంటే పువ్వు భాగాలన్నీ అంటుకుని ఉండే కాడ కొన. దాని మీద గింజల్లా అంటుకుని ఉన్నవి ఒక్కొక్కటీ ఒక్కో ఎండు ఫలం. అసలు గింజ దాని లోపల ఉంటుంది. ఫలదీకరణ జరిగిన ప్రతి గింజా ఆక్సిన్ అనే హార్మోనును విడుదల చేసి తన చుట్టూ ఉన్న కండను ఉబ్బిస్తుంది. పుప్పొడి అందని చోట కండ పెరగదు. అందుకే పండు ఒక పక్క నొక్కుకుపోయి, గింజలన్నీ ఒకచోట దగ్గరగా చేరి కనిపిస్తే ఎరువు సంచీ వెతక్కండి, తేనెటీగలు వస్తున్నాయో లేదో చూడండి. వల కప్పి పెంచేవాళ్లకూ, కిటికీలో కుండీ పెట్టుకున్నవాళ్లకూ ఈ ఇబ్బంది మామూలే. మంచు ఆరి ఎండ పడ్డాక మెత్తటి కుంచెతో చుట్టూ ఉన్న, పుప్పొడి మోసే కేసరాలను తాకి, నడిమి దిబ్బ అంతటా రాయాలి. పువ్వులోని అండకోశాలన్నీ, అంటే గింజ కట్టే ఆడ భాగాలన్నీ, ఒకేసారి సిద్ధం కావు కాబట్టి ఈ పని రెండు మూడు రోజులు వరసగా చేయాలి. మంచు దెబ్బ తగిలినా, బోరాన్ అనే పోషకం తక్కువైనా కాయ వంకర పోతుంది. మంచు దెబ్బ తిన్న పువ్వుకు నడిమి భాగం నల్లబడుతుంది, తేడా అక్కడ తెలుస్తుంది.

ఈ పండు పుట్టుక కూడా పుప్పొడి కథే. ఫ్రెంచి ఇంజనీరు అమెడే ఫ్రాన్స్వా ఫ్రెజియే 1714లో చిలీ నుంచి పెద్ద కాయల స్ట్రాబెర్రీ మొక్కలు కొన్ని ఓడలో తెచ్చాడు. కాయలున్నవే ఏరి తెచ్చాడు కాబట్టి అవన్నీ ఆడ మొక్కలయ్యాయి. ఫ్రాన్సులో పూశాయి గానీ కాయలేదు. ఉత్తర అమెరికా రకం పక్కన పెట్టాక కాశాయి. మనం తినే స్ట్రాబెర్రీ ఆ రెండిటి సంకరమేనని 1766లో ఆంట్వాన్ నికొలా డ్యుషేన్ తేల్చాడు. ఇప్పటి తోట రకాల్లో ఆడ, మగ భాగాలు ఒకే పువ్వులో ఉంటాయి కాబట్టి ఒక్క మొక్క ఉన్నా కాస్తుంది.

నాటేటప్పుడు తప్పు జరిగేది లోతు దగ్గర. ఆకులూ వేళ్లూ కలిసే చోట బొటనవేలంత మొదలు ఉంటుంది, దాని నడిమి మొగ్గ సరిగ్గా మట్టి మట్టానికి రావాలి. పూడితే కుళ్లుతుంది, పైకి తేలితే వేళ్లు ఎండుతాయి. నీళ్లు పోశాక మట్టి దిగుతుంది కాబట్టి మర్నాడు మళ్లీ చూసి సర్దాలి. మొక్కకూ మొక్కకూ అడుగు నుంచి అడుగున్నర ఎడం చాలు. మట్టి పీహెచ్, అంటే పులుపును కొలిచే అంకె (తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ), 5.5 నుంచి 6.5 వరకు ఉండాలి. టమాటా, వంగ, మిరప, బంగాళాదుంప పండించిన మడి మాత్రం వద్దు. వాటికి వచ్చే వర్టిసిలియం ఎండు తెగులు మట్టిలో ఏళ్ల తరబడి నిలిచి ఉండి, స్ట్రాబెర్రీకీ పడుతుంది. నత్రజని ఎక్కువ వేస్తే ఆకు ఏపుగా వస్తుంది, కాయ మెత్తబడుతుంది, బూడిద రంగు బూజు పట్టుకుంటుంది. కాయ కింద పొడి గడ్డి పరిచి, నీళ్లు మొదలు దగ్గరే పోస్తే ఆ బూజు చాలావరకు ఆగుతుంది. మొదటి ఏడాది పాకే తీగలు కత్తిరించేయండి, బలం మొదలుకు పోతుంది. మూడు నాలుగేళ్లకు మడి ముసలిదవుతుంది. అప్పుడు తెగులు లేని తల్లి మొక్కను చూసుకుని, దాని తీగకు వచ్చిన మొదటి పిల్ల మొక్కను చిన్న కుండీలోకి వంచి వంకీ కమ్మీతో నొక్కిపెట్టాలి. నాలుగు నుంచి ఆరు వారాల్లో వేళ్లు పట్టాక తీగ కోసి కొత్త చోట నాటుకోవాలి.

రాస్ప్‌బెర్రీ, బ్లాక్‌బెర్రీ సంకలిత ఫలాలు. ఒకే పువ్వులోని అండకోశాలు ఒక్కొక్కటీ బుల్లి టెంక కాయగా మారి, పక్కదాన్ని అంటుకుని ఒక్క పండులా కనిపిస్తాయి. రెంటికీ తేడా మళ్లీ పుష్పాసనం దగ్గరే. రాస్ప్‌బెర్రీ కోస్తే పుష్పాసనం తెల్లటి మేకులా మొక్క మీదే ఉండిపోతుంది, పండు టోపీలా డొల్లగా చేతికొస్తుంది. బ్లాక్‌బెర్రీలో పుష్పాసనం పండుతోనే తెగి వస్తుంది. రాస్ప్‌బెర్రీ పండిందో లేదో రంగు చూసి చెప్పక్కర్లేదు. మూడు వేళ్లతో మెల్లగా లాగితే జారి వస్తే పండినట్టు, బిగిసి ఉంటే ఇంకో రోజు ఆగాలి. లోపల డొల్ల కాబట్టి దాని బరువుకు అదే చితుకుతుంది. లోతులేని పళ్లెంలో రెండు మూడు వరసలకు మించి పేర్చొద్దు. బ్లాక్‌బెర్రీ నల్లబడి నిగనిగలాడుతున్నప్పుడు కోస్తే పుల్లగా ఉంటుంది. ఆ మెరుపు తగ్గి, కాస్త మసకగా కనిపించేదాకా ఓపిక పట్టాలి. మిట్ట మధ్యాహ్నం వేడిలో కోసి నలిపితే నల్లని పండులో అక్కడక్కడా పూసలు మళ్లీ ఎర్రబడతాయి. తినడానికి పనికొస్తుంది, అందమే పోతుంది.

ఈ రెంటినీ పెంచేవాళ్లు ఎక్కువగా పొరపడేది కత్తిరింపులో. వేరు ఏళ్లకేళ్లు బతుకుతుంది గానీ కాడ రెండేళ్లదే. మొదటి ఏడాది పచ్చగా పెరుగుతుంది, రెండో ఏడాది కాసి ఎండుతుంది. శుభ్రం చేద్దామని చలికాలంలో అన్నీ నేలమట్టంగా కోసేస్తే రాబోయే పంటను కోసేసినట్టే. కాసిన కాడలను మాత్రమే మొదటికంటా తీసి, కొత్తవాటిలో బలమైనవాటిని తీగలకు కట్టాలి. ఆకురాలు కాలంలో కాసే రాస్ప్‌బెర్రీ రకాలు దీనికి మినహాయింపు. అవి ఆ ఏడు పుట్టిన కాడ మీదే కాస్తాయి కాబట్టి చలికాలం చివర అన్నిటినీ కోసేయవచ్చు. కొనేటప్పుడే ఏ రకమో అడిగి రాసిపెట్టుకోవాలి. నీళ్లు నిలిచే నేల రాస్ప్‌బెర్రీకి చావే, వేరు కుళ్లిపోతుంది. బరువు నేలైతే అర అడుగు ఎత్తు కట్ట పోసి దాని మీద నాటండి.

బ్లూబెర్రీలో అండాశయమే పండవుతుంది. కొన మీద చిన్న కిరీటంలా మిగిలేవి రక్షక పత్రాలు, అంటే మొగ్గను కప్పి ఉంచే పచ్చని రేకలు. దీని పువ్వు తలకిందులుగా వేలాడే గంట. కేసరాల కొనన ఉన్న సన్నని రంధ్రాల్లోంచే పుప్పొడి రాలాలి. గుంయిమంటూ పువ్వును అదిలించే తుమ్మెద జాతి ఈగలకు ఆ పని బాగా చేతనవును. లోపల గింజలు ఎన్ని ఎక్కువ కడితే కాయ అంత పెద్దది, అంత త్వరగా పండుతుంది. అందుకే ఒకేసారి పూసే రెండు రకాలు పక్కపక్కన పెడితే మంచిది.

బ్లూబెర్రీ చచ్చిపోయిందంటే మట్టినే మొదట అనుమానించాలి. దానికి పీహెచ్ 4.5 నుంచి 5.5 లోపు పుల్లని మట్టి కావాలి. దాని వేళ్లకు మూలకేశాలు, అంటే నీరు పీల్చే సన్నని నూగు, ఉండవు, పైపైనే పాకుతాయి, ఒక రకం శిలీంధ్రం సాయంతో బతుకుతాయి. పీహెచ్ పెరిగితే మట్టిలో ఇనుము ఉన్నా అందదు. అప్పుడు లేత ఆకుల్లో ఈనెలు పచ్చగానే ఉండి మధ్య భాగం పసుపు తిరుగుతుంది. అది చూసి బూడిదో సున్నమో చల్లితే పని పూర్తిగా చెడుతుంది. గంధకం పొడి కలిపితే పీహెచ్ దిగుతుంది గానీ నెలలు పడుతుంది, కాబట్టి నాటడానికి చాలా ముందే కలపాలి. నత్రజనిని అమ్మోనియం సల్ఫేట్ రూపంలో కొద్దికొద్దిగా ఇవ్వాలి. క్షార గుణం ఉన్న బోరు నీళ్లు పోస్తే మట్టి మళ్లీ మొదటికొస్తుంది, వాన నీళ్లు పట్టి వాడండి. నేల అనుకూలించనివాళ్లకు అడుగున్నర వెడల్పు కుండీయే సుఖం. చలి తక్కువ ఉండే చోట్ల దక్షిణపు హైబుష్ రకాలే ఎంచుకోవాలి, ఉత్తరపు రకాలకు దీర్ఘమైన చలి లేకపోతే పూత రాదు. కాయ నీలం తిరగగానే కోయకండి. తొడిమ దగ్గర ఎర్రటి వలయం ఉందంటే తీపి ఇంకా రాలేదు. మరో నాలుగైదు రోజులు ఆగి బొటనవేలితో దొర్లిస్తే పండినవి వాటంతటవే అరచేతిలో పడతాయి. పై మీది తెల్లటి పొడి సహజమైన మైనం, కాయను అదే కాపాడుతుంది, తుడవొద్దు.

వందేళ్ల కిందటి దాకా బ్లూబెర్రీ అడవి పండే. 1911లో అమెరికాలోని న్యూజెర్సీలో ఎలిజబెత్ వైట్, శాస్త్రవేత్త ఫ్రెడరిక్ కోవిల్ కలిసి, అడవిలో పెద్ద కాయల పొదలు చూపించినవాళ్లకు డబ్బిచ్చి, ఆ పొదల నుంచి తోట రకాలు తీశారు. 1916లో మొదటి పంట అమ్మారు. పుల్లని నేల కావాలన్న రహస్యాన్ని తేల్చింది కోవిలే.

మల్బరీ, అంటే కంబళి చెట్టు, వీటన్నిటిలోకీ సులువు. పెన్సిలు లావు కొమ్మ జానెడు ముక్క గుచ్చితే బతుకుతుంది. అది సంయుక్త ఫలం. ఒక గుత్తిలోని ఎన్నో పువ్వుల పరిపత్రాలే, అంటే రేకలే, రసంతో ఉబ్బి పండవుతాయి. ఒక్కొక్కటే కోయడం దండగ, కింద పాత దుప్పటి పరిచి కొమ్మ ఊపాలి.

ఈ పువ్వు లెక్కే అడవిలో ప్రాణం కాపాడుతుంది. లాంటానా పొద కాయల గుత్తి దూరం నుంచి బ్లాక్‌బెర్రీలా కనిపిస్తుంది, దాని పచ్చి కాయలు విషం. బ్లాక్‌బెర్రీ ఒకే పువ్వు నుంచి వచ్చింది కాబట్టి కింద అయిదు రక్షక పత్రాలు ఒక్క చోటే ఉంటాయి, ముళ్ల కాడకు మూడు నుంచి అయిదు చిట్టి ఆకుల సంయుక్త పత్రాలు ఒకటి విడిచి ఒకటి వస్తాయి. లాంటానాలో ఒక్కో పూస ఒక్కో పువ్వుది, విడివిడిగా ఊడుతుంది. కాడ నలుపలకలు, ఆకులు ఎదురెదురుగా, నలిపితే ఘాటు వాసన. అలాగే కామంచి పండ్లు చిన్న గుత్తిగా ఉంటాయి, నల్లబడితేనే తినాలి, పచ్చివి తినకూడదు. బెల్లడోనా విషపు కాయ కూడా నల్లగా మెరుస్తుంది కానీ ఒంటిగా, కింద నక్షత్రంలా పరుచుకున్న అయిదు పచ్చని రేకలతో ఉంటుంది. పిట్టలు తింటున్నాయి కదా అన్నది గుర్తు కానే కాదు, మనకు విషమైనవి ఎన్నిటినో అవి హాయిగా తింటాయి. ఆకు, కాడ, కాయ, కింది రక్షక పత్రాలు నాలుగూ కుదిరితేనే నోట్లో పెట్టుకోవాలి, పిల్లల చేతికైతే అసలే తొందరపడి ఇవ్వొద్దు. వాహనాల దారి పక్కనా, మందు కొట్టిన పొలం గట్టునా కోయొద్దు.

స్ట్రాబెర్రీ, రాస్ప్‌బెర్రీ, బ్లాక్‌బెర్రీ కోశాక రంగు మారవచ్చు గానీ తీపి పెరగదు. కాబట్టి పండినప్పుడే, పొద్దున్నే మంచు ఆరాక, చల్లగా ఉండగా కోయాలి. స్ట్రాబెర్రీని గోటితో కాడ తుంచి, పచ్చని తొడిమతో సహా తీయాలి. తొడిమ ఊడితే ఆ గాయం నుంచే కుళ్లు మొదలవుతుంది. తినబోయే ముందు మాత్రమే కడగండి. రోజు మార్చి రోజు కోయడం ఆలస్యమైతే మచ్చరెక్కల డ్రోసోఫిలా ఈగ వస్తుంది. మామూలు పండ్ల ఈగలు కుళ్లిన పండుకోసం చూస్తే, దీని ఆడదానికి రంపంలాంటి అవయవం ఉంది, పండబోయే గట్టి కాయనే కోసి గుడ్లు పెడుతుంది. ఆసియా నుంచి బయల్దేరి 2008లో అటు కాలిఫోర్నియాలో, ఇటు ఐరోపాలో కనిపించింది. అనుమానం ఉంటే గుప్పెడు పండ్లను ఉప్పు నీళ్లలో పావుగంట ఉంచండి, పురుగులు బయటికొస్తాయి. రాలిన పండ్లన్నీ ఏరి మూత బిగించిన సంచీలో ఎండలో పెట్టాలి.

మిగిలిన పండ్లకు జామ్. గట్టిపడేది పెక్టిన్ అనే, పండులోనే ఉండే జిగురు పదార్థం వల్ల. అది దోరకాయలో ఎక్కువ, బాగా పండితే తక్కువ. అందుకే కిలోకు పావు కిలో దోరవి కలపాలి. స్ట్రాబెర్రీలో పెక్టిన్, పులుపు రెండూ తక్కువ, నిమ్మరసం తప్పదు. పండ్లు మెత్తగా ఉడికాకే సమాన తూకం చక్కెర వేసి, వెడల్పు గిన్నెలో ఒకసారికి కిలోకు మించకుండా, పెద్ద మంట మీద 105 డిగ్రీల సెల్సియస్ వచ్చేదాకా మరిగించాలి. ఎక్కువ పండ్లు ఒకేసారి పోస్తే నీరు ఇగరడానికి గంట పడుతుంది, ఆలోపు పెక్టినే విరిగిపోయి జామ్ ఎప్పటికీ పాకంలా మిగిలిపోతుంది. థర్మామీటరు లేకపోతే ఫ్రిజ్‌లో చల్లబరిచిన పళ్లెం మీద చుక్క వేసి, నిమిషం ఆగి వేలితో నెట్టి చూడండి. పైన ముడతలు పడితే వెంటనే మంట ఆర్పేయాలి.