క్రైమ్ అంటే బయటోడే అనుకునే పిల్లలకి పాఠం చెప్పడం

డిగ్రీ సెకండియర్ వాళ్ళకి సోషియాలజీలో జెండర్, క్రైమ్ యూనిట్ మొదలుపెట్టిన రోజు బోర్డు మీద ఏమీ రాయను, ఆడవాళ్ళ మీద నేరం అనగానే ఏం గుర్తొస్తోందో చెప్పండి అంటా, అంతే. ఢిల్లీ నిర్భయ, శంషాబాద్ దిశ, యాసిడ్ కేసులు, రాత్రి ఆటోలు, తాగి రోడ్డు మీద నిలబడే బ్యాచ్‌లు... చకచకా వస్తాయి. ఉరి తియ్యాలి, ఎన్‌కౌంటర్ చెయ్యాలి అని మగపిల్లలే ముందు లేస్తారు. ఇంటి లోపల మనిషి పేరు మాత్రం ఒక్కరి నోట్లోంచీ రాదు. అప్పుడు దేశంలో నేరాల లెక్కలు తీసే ఎన్‌సీఆర్‌బీ 2022 రిపోర్ట్ తీస్తా. దేశం మొత్తం మీద ఆ ఏడాది మహిళల మీద నేరాలు అని నమోదైనవి 4,45,256, అందులో అన్నిటికంటే పెద్ద వాటా, 31.4 శాతం, భర్తా అత్తింటివాళ్ళూ పెట్టిన హింస కేసులు. అది కూడా స్టేషన్ దాకా వచ్చినవే. పెద్దమనుషుల పంచాయితీలో "సర్దుకుపో అమ్మా" అని చెప్పి పంపించేసినవి ఏ లెక్కలోనూ ఉండవు.

తర్వాత చిట్టీలు పంచుతా, పేరు రాయొద్దు, అమ్మాయా అబ్బాయా ఒక్కటి రాస్తే చాలు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో అడిగే ఏడు కారణాలే అందులో ఉంటాయి: చెప్పకుండా బయటికెళ్ళడం, ఇల్లూ పిల్లల్నీ పట్టించుకోకపోవడం, ఎదురు మాట్లాడటం, పడకకి ఒప్పుకోకపోవడం, వంట సరిగ్గా చెయ్యకపోవడం, వేరే సంబంధం ఉందని అనుమానం, అత్తమామల్ని గౌరవించకపోవడం. వీటిలో దేనికైనా భార్యని కొట్టడం సబబే అనిపిస్తే టిక్ పెట్టండి అని. ప్రతి బ్యాచ్‌లోనూ అత్తమామల దగ్గర టిక్కులు కుప్పపడతాయి, ఆడపిల్లలవీ తక్కువేం ఉండవు. ఒకసారి చిట్టీలు లెక్కపెడుతుంటే వెనక బెంచీ నుంచి ఒకడు "తప్పు చేస్తే ఒక్క దెబ్బ కొడితే ఏమైతది మేడం, మా అమ్మ నన్ను కొట్టలేదా" అన్నాడు, సగం క్లాసు నవ్వింది. ముందు వరసలో అమ్మాయి వెనక్కి తిరిగి "మీ అమ్మని నువ్వు తిరిగి కొడతావారా మరి, వంట బాలేదని?" అంది. నేను నోరు తెరవాల్సిన పని లేకుండా పోయింది.

అప్పుడు సర్వే అంకెలు చెప్తా. 2019-21 సర్వేలో, ఏదో ఒక కారణానికి భర్త కొట్టడం న్యాయమే అన్న ఆడవాళ్ళు తెలంగాణలో 83.8 శాతం, ఆంధ్రలో 83.6. పెళ్ళయిన వాళ్ళలో భర్త చేతిలో హింస చూశామన్నవాళ్ళు తెలంగాణలో 36.9, ఆంధ్రలో 30, దేశం సగటు 29.3. "అవన్నీ పాత తరం మేడం" అని అరుస్తారు, అప్పుడు వాళ్ళ చిట్టీలే ముందు పెడతా. ఒకమ్మాయి మాత్రం వేరే మాట అంది, సర్వే మేడం వచ్చినప్పుడు పక్క గదిలో నాన్న ఉంటే మా అమ్మ కూడా న్యాయమే అనే చెప్తుంది మేడం అని. రీసెర్చ్ మెథడాలజీలో ఒక పూర్తి క్లాసుకి సరిపడే మాట అది.

నిజంగా క్లాసు మారేది మాత్రం అంకెలతో కాదు, ఒక ఫారంతో. గృహహింస చట్టం 2005లో వచ్చింది, 2006 అక్టోబర్ 26 నుంచి అమల్లో ఉంది, దాని రూల్స్‌లో ప్రొటెక్షన్ ఆఫీసర్, అంటే ఈ చట్టం కింద బాధితురాలికి సాయం చెయ్యడానికి ప్రభుత్వం పెట్టే అధికారి, నింపే డొమెస్టిక్ ఇన్సిడెంట్ రిపోర్ట్ అని ఒకటి ఉంటుంది. దాన్ని జిరాక్స్ తీసి తలా ఒకటి ఇస్తా. కొట్టడం, తన్నడం, తొయ్యడం... అక్కడిదాకా ఎవరికీ ఆశ్చర్యం ఉండదు. కింద కాలమ్స్‌కి వచ్చేసరికి గుసగుసలు మొదలవుతాయి. కట్నం తేలేదని దెప్పడం, మగపిల్లాడు పుట్టలేదని అవమానించడం, క్యారెక్టర్ మీద నిందలెయ్యడం, స్కూలుకో కాలేజీకో పోనివ్వకపోవడం, ఉద్యోగం చెయ్యనివ్వకపోవడం, ఇంట్లోంచి బయటికి కదలనివ్వకపోవడం, చచ్చిపోతానని బెదిరించడం, ఇంటి ఖర్చులకి డబ్బులివ్వకపోవడం, ఆమె జీతం లాక్కోవడం. "ఇవి కూడా హింసేనా మేడం, ఇవి అందరిళ్ళల్లో ఉండేవే కదా" అని ఎవరో ఒకరు అడుగుతారు. అందరిళ్ళల్లో ఉన్నా సరే, చట్టం వీటిని మాటల హింస, ఆర్థిక హింస అని విడిగా రాసింది అంటా. కాలేజీకి పోనివ్వకపోవడం అన్న లైను దగ్గర కొంతమంది ఆడపిల్లలు పెన్ను పెట్టి గీత గీసుకోవడం చూశా.

ఇంకో గందరగోళం ఏంటంటే, వీళ్ళకి కేసు అంటే 498ఏ ఒక్కటే. భర్తా అత్తింటివాళ్ళూ పెట్టే హింస మీద పాత ఐపీసీలో 1983లో చేర్చిన ఆ సెక్షన్ 2024 జులై 1 నుంచి కొత్త క్రిమినల్ చట్టం బీఎన్ఎస్‌లో 85, 86 అయింది, నంబర్ మారినా విషయం దాదాపు అదే, జైలుకి పోయే క్రిమినల్ కేసు. గృహహింస చట్టం దారి వేరు. ఆయన జైలుకి పోవాలని కాదు నాకు, దెబ్బలు ఆగాలి, నన్నూ పిల్లల్నీ ఇంట్లోంచి గెంటకూడదు, ఖర్చులకి ఇవ్వాలి అనే ఆడమనిషికి ఉన్న చట్టం అది. మేజిస్ట్రేట్ ప్రొటెక్షన్ ఆర్డర్ ఇస్తాడు, ఇంట్లో ఉండే హక్కు ఇప్పిస్తాడు, ప్రొటెక్షన్ ఆర్డర్‌ని మీరితే అప్పుడు ఏడాది దాకా జైలు లేదా 20,000 జరిమానా లేదా రెండూ. అప్లికేషన్ అందాక మూడు రోజుల్లో మామూలుగా మొదటి హియరింగ్ పెట్టాలి, ఆ హియరింగ్ నుంచి 60 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలి అని చట్టంలో ఉంది, కోర్టుల్లో ఎన్నాళ్ళు పడుతుందో ఇక్కడ రాసి ఎవర్నీ బెదరగొట్టను. భార్యకే కాదు, కొడుకు కొట్టే తల్లికీ, అన్న గెంటేసిన చెల్లెలికీ, పెళ్ళి కాకుండా కలిసి ఉండే ఆమెకీ వర్తిస్తుంది. ఇల్లు మామ పేరు మీద ఉన్నా కోడలు అక్కడ ఉండమని అడగొచ్చని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది.

ఇక అందరూ అడిగేది, అన్ని బాధలు పడుతూ ఆమె ఎందుకు వదిలేసి రాదు అని. దీనికి నేను జవాబు చెప్పను, లెక్క చేయిస్తా. మన టౌన్‌లోనే, ఇద్దరు పిల్లలు, బ్లౌజులు కుట్టే ఆమె, రేపు పొద్దున బయటికొచ్చేస్తోంది, ఏమేం కావాలో రాయండి. సింగిల్ రూమ్ అద్దె, అడ్వాన్స్ అని మొదలుపెడతారు. ఆ తర్వాత ఒక్కొక్కటీ వాళ్ళకే తడుతుంది, గ్యాస్ కనెక్షన్ ఆయన పేరు మీద, రేషన్ కార్డులో పేరు అత్తింట్లో, పిల్లల టీసీ ఇవ్వాలంటే స్కూల్లో ఫీజు బాకీ, ఆధార్ బీరువాలో, బంగారం అత్త దగ్గరో బ్యాంకులో తాకట్టులోనో, కుట్టు మిషన్ మొయ్యడానికి ట్రాలీ ఆటో, కొత్త వీధిలో బ్లౌజులు ఇచ్చేవాళ్ళు లేరు, భర్త లేకుండా వచ్చిందంటే రూమ్ ఇచ్చే ఓనర్ దొరకాలి. పుట్టింట్లో తమ్ముడి పెళ్ళి ఉంది, ఇప్పుడు వస్తే పరువు. ఒక పేజీ నిండేసరికి ఆ ప్రశ్న అడిగినోళ్ళే పేపర్ మడిచేస్తారు.

మగపిల్లల ప్రశ్న ఒకటి ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది, దొంగ కేసుల సంగతేంటి మేడం అని. 2024 డిసెంబర్‌లో బెంగళూరులో ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, భార్య తన మీద దొంగ కేసులు పెట్టిందని ఆరోపిస్తూ ఆత్మహత్య చేసుకున్నాక ఇది ఇంకా పెరిగింది, రీల్స్ అన్నీ అవే. ఆ ప్రశ్నని నోరు మూయించి కూర్చోబెడితే వాళ్ళు రీల్స్ దగ్గరికే పోతారు, అందుకే పూర్తిగా వింటా. 2014లోనే అర్నేశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు 498ఏ కేసుల్లో ఆటోమేటిగ్గా అరెస్ట్ చెయ్యొద్దు, అవసరం ఉందని పోలీసు కారణాలు రాయాలి అని చెప్పిందని చెప్తే సగం మందికి అది కొత్త వార్త. అబద్ధపు కేసు పెట్టినోళ్ళు లేరని నేను అనను. కానీ కట్నం ఇవ్వడం, తీసుకోవడం రెండూ 1961 నుంచి నేరమే, మన కాలేజీలో ఎవరి ఇంట్లో పెళ్ళికి ఆ చట్టం గుర్తొచ్చిందో చెప్పండ్రా అంటే మాత్రం కిటికీల్లోంచి బయటికి చూస్తారు.

లెక్చరర్లకి ఒక మాట. పిల్లల్ని మీ ఇంటి సంగతి చెప్పండి అని ఎప్పుడూ అడగొద్దు, అసైన్‌మెంట్‌గా అసలే వద్దు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది అనే ఇళ్ళ నుంచి వచ్చిన పిల్లలు, అరవై మంది ముందు చెప్పించి మనం బెల్ కొట్టగానే వెళ్ళిపోతే సాయంత్రం వాళ్ళు అదే ఇంటికి పోవాలి. ఇంటర్ పిల్లలకి చెప్పేవాళ్ళు ఇంకో సంగతి క్లాసు మొదట్లోనే చెప్పెయ్యాలి, పద్దెనిమిది లోపు పిల్లల మీద లైంగిక దాడి సంగతి మనకి తెలిస్తే పిల్లల మీద లైంగిక నేరాల చట్టం పోక్సో ప్రకారం రిపోర్ట్ చెయ్యడం తప్పనిసరి, ఎవరికీ చెప్పను అని మాటిచ్చే వీల్లేదు. యూనిట్ నడిచినన్నాళ్ళూ బోర్డు మూలన మహిళల హెల్ప్‌లైన్ 181, ఎమర్జెన్సీ 112, చైల్డ్‌లైన్ 1098 చెరపకుండా ఉంచుతా, కింద హింసకి గురైన ఆడవాళ్ళకి సాయం చేసే సఖి సెంటర్ అడ్రస్, ఆడవాళ్ళకి ఆదాయంతో సంబంధం లేకుండా లీగల్ సర్వీసెస్ అథారిటీలో ఉచితంగా లాయర్ దొరుకుతారన్న ముక్క. "మా ఫ్రెండ్‌కి కావాలంట మేడం" అని స్టాఫ్ రూమ్ దగ్గరికొచ్చి అడుగుతారు, ఫ్రెండ్ ఎవరని నేను అడగను.

పాఠం చెప్తే కొట్టేవాడు మారతాడా అని మా స్టాఫ్‌లోనే వెక్కిరించేవాళ్ళున్నారు. వాళ్ళకి దూబగుంట గుర్తుచేస్తా. నెల్లూరు జిల్లాలోని ఆ ఊళ్ళో అక్షరాస్యత క్లాసులకి రాత్రిపూట వచ్చిన కూలి ఆడవాళ్ళు, సారాకి కూలి డబ్బులు ఎలా పోతున్నాయో, ఇంట్లో దెబ్బలు ఎందుకు పడుతున్నాయో పాఠంలో చదివి మాట్లాడుకుని 1992లో సారా అంగట్ల మీదికి పోయారు, వాళ్ళలో ముందు నిలిచిన రోశమ్మ పేరు అలా బయటికొచ్చింది. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో ఎత్తేశారు. మన పుస్తకాల్లో దీన్ని సారా ఉద్యమం అనే రాస్తారు. ఆ ఆడవాళ్ళు చెప్పిన దాంట్లో సగం ఇంట్లో దెబ్బల గురించి, ప్రభుత్వానికి వినపడింది మాత్రం సారా ఒక్కటే, ఇంట్లో ఉండే హక్కు ఇచ్చే చట్టానికి ఇంకో పుష్కరం పట్టింది.

సిలబస్‌లో ఈ యూనిట్ చిట్టచివర పెట్టారు, అంటే ప్రాక్టికల్స్, ప్రీ-ఫైనల్స్ మధ్య, సగం అటెండెన్స్‌తో. ఈసారి నేను దాన్ని మొదటికి జరిపేశా, హెచ్‌ఓడీ సార్ టీచింగ్ ప్లాన్ మీద ఎర్ర పెన్నుతో క్వశ్చన్ మార్క్ పెట్టి పంపారు, ఇంకా సంతకం పెట్టలేదు, క్లాసులు మాత్రం నడుస్తున్నాయి.