కళావతి ఓడ, గోపికల పడవ

హైదరాబాద్‌కి సముద్రం లేదు. అల చూడాలంటే రాత్రంతా బస్సులోనో రైల్లోనో ప్రయాణం చేయాలి. అయినా ఈ నగరంలో ఓడ మునిగిన కథ వినని తెలుగిల్లు దాదాపు ఉండదు. గృహప్రవేశం కానివ్వండి, కొత్త దంపతుల చేత చేయించే వ్రతం కానివ్వండి, కార్తీక పౌర్ణమి కానివ్వండి, సత్యనారాయణ స్వామి కథ చదివిస్తాం. అందులో నాలుగో అధ్యాయమంతా ఓడ చుట్టూనే తిరుగుతుంది. సరిగ్గా అక్కడికి వచ్చేసరికి వంటవాళ్లు వడ్డించమంటారా అని అడగడం, ఎవరిదో ఫోన్ మోగడం, పంతులుగారు కాస్త వేగం పెంచడం మామూలే. మనసులో మిగిలేది ఒకటే ముక్క: ప్రసాదం తినకుండా వెళ్తే ఓడ మునుగుతుంది. దాంతో స్వామి కథ కాస్తా బెదిరింపులా తయారైంది. నాకు ఈ ముక్కతోనే పేచీ.

అసలు ఆ అధ్యాయంలో ఓడకు రెండు ఆపదలు వస్తాయి. సాధువు అనే వర్తకుడు, అతని అల్లుడు చేయని దొంగతనానికి చంద్రకేతు మహారాజు చెరసాలలో మగ్గి, స్వామి రాజుకు కలలో చెప్పాక విడుదలవుతారు. రాజు వాళ్ల సొమ్ము రెట్టింపు చేసి ఇస్తాడు. ఆ సరుకుతో తిరిగి వస్తుంటే స్వామి దండం పట్టిన యతి వేషంలో ఎదురై, ఓడలో ఏముందని అడుగుతాడు. వర్తకుడు నవ్వి, ఆకులూ అలములూ ఉన్నాయి పొమ్మంటాడు. 'సత్యం భవతు తే వచః', నీ మాటే నిజమగుగాక అని యతి వెళ్లిపోతాడు. శాపం కూడా కాదది, వర్తకుడి మాటనే వర్తకుడికి తిరిగి ఇవ్వడం.

తర్వాత జరిగేది చాలామంది గమనించరు. సాధువు స్నానం, అనుష్ఠానం ముగించి చూసేసరికి ఓడ నీటిలో పైకి తేలి ఉంటుంది. 'ఉత్థితాం తరణీం' అంటుంది మూలం. బంగారం బరువు పోయి ఆకులే మిగిలాయి కాబట్టి తేలింది. ఓడ ఇంతకు ముందుకన్నా క్షేమంగానే ఉంది, మూర్ఛపోయింది యజమాని. ఒక్క చుక్క నీరు లోపలికి రాకుండా ఓడను ముంచిన కథకుడికి నమస్కారం పెట్టాలి.

రెండో ఆపద సొంత ఊరి రేవులో. ఓడ వచ్చిందని కబురు రాగానే సాధువు భార్య లీలావతి, వ్రతం ముగించుకుని రమ్మని కూతురు కళావతికి చెప్పి ముందు వెళ్తుంది. కళావతి వ్రతం ముగించింది, కానీ ప్రసాదం తీసుకోకుండా పరుగెత్తింది. భర్తతో సహా ఓడ మునిగిపోయింది. గాలి లేదు, వాన లేదు. నడిసముద్రం దాటి వచ్చిన ఓడ ఒడ్డు పక్కనే కనిపించకుండా పోయింది. ఆమె భర్త పాదుకలు పట్టుకుని ప్రాణం వదలడానికి సిద్ధపడుతుంది.

ఈ ఘట్టం దగ్గర నాకెప్పుడూ కళావతి మీద జాలి వేస్తుంది. ఎన్నాళ్లుగానో చూడని భర్త రేవులో ఉన్నాడంటే ఏ పిల్ల మాత్రం గోధుమరవ్వ ప్రసాదం కోసం ఆగుతుంది? ఆమెది నిర్లక్ష్యం అనడానికి నోరు రాదు. కథ కూడా ఆమెను అంత కఠినంగా చూడలేదు. ఇంటికి వెళ్లి ప్రసాదం తిని రమ్మని ఆకాశవాణి చెబుతుంది. ఆమె వెళ్లి, తిని, వస్తుంది. భర్త ఉన్నాడు, ఓడ ఉంది. ఆమె దగ్గర్నుంచి స్వామి శాశ్వతంగా తీసుకున్నది ఏమీ లేదు. బెదిరింపు చేసేవాళ్లు ఈ సగం చెప్పరు.

కులశేఖర ఆళ్వారు రాసిన ముకుందమాల అనే స్తోత్రంలో ఒక శ్లోకం ఉంది. ఆయన చేర దేశపు రాజు.

భవజలధిగతానాం ద్వంద్వవాతాహతానాం
సుతదుహితృకళత్రత్రాణభారార్దితానామ్ |
విషమవిషయతోయే మజ్జతామప్లవానాం
భవతు శరణమేకో విష్ణుపోతో నరాణామ్ ||

సంసార సముద్రంలో పడ్డాం, సుఖదుఃఖాల వంటి జంటగాలులు కొడుతున్నాయి, కొడుకుల్నీ కూతుళ్లనీ భార్యనీ కాపాడుకోవాలన్న బరువు నలిపేస్తోంది, విషయాల నీటిలో తెప్ప కూడా లేకుండా మునుగుతున్నాం, మాకు విష్ణువనే ఓడ ఒక్కటే దిక్కు కావాలి అని భావం. రెండో పాదం దగ్గర ఆగండి. ఆయన బరువన్నది పాపాన్ని కాదు, ఇంట్లోవాళ్ల మీద ఉన్న బాధ్యతని. పిల్లల ఫీజులు, ఇంటి ఈఎంఐ, ఊళ్లో అమ్మానాన్నల ఆరోగ్యం అంటూ తెల్లవారుజామున మనం పడే టెన్షన్ అదే. కళావతిని పరుగెత్తించిందీ అదే.

మరి ఆ ప్రేమను వదిలేయమనా దేవుడు చెప్పేది? దీనికి నాకు బాగా నచ్చిన జవాబు త్యాగరాజస్వామి నౌకాచరిత్రంలో దొరికింది. ఆరాధన రోజుల్లో హైదరాబాద్ సభల్లో పంచరత్నాలు మారుమోగుతాయి గానీ, ఈ గేయనాటకాన్ని మొత్తంగా వేయడం నాకు తెలిసి తక్కువే. 'ఓడను జరిపే ముచ్చట గనరే' లాంటి పాటలు విడిగా వినబడతాయంతే. కథ భాగవతంలో లేదు, కావేరి ఒడ్డున తిరువయ్యారులో ఉంటూ ఆయన తెలుగులో కల్పించుకున్నది. గోపికలు కృష్ణుణ్ణి ఎక్కించుకుని యమునలో పడవ షికారుకు వెళ్తారు. కాసేపటికి వాళ్లకు గర్వం వస్తుంది. కృష్ణుడు మన గుప్పిట్లో ఉన్నాడని, అతనికి తనంటేనే ప్రేమ అని ప్రతి ఒక్కరూ అనుకుంటారు. అప్పుడు కృష్ణుడే గాలివాన పుట్టిస్తాడు. పడవకు చిల్లు పడి నీళ్లు వస్తుంటాయి.

కృష్ణుడు ఇచ్చే సలహా విచిత్రం. ఒంటి మీది బట్టలు తీసి ఆ చిల్లులో కుక్కమంటాడు. కొంతమంది ఇక్కడ ముక్కు విరుస్తారు. నాకైతే వర్తకుడి ఓడ గుర్తొస్తుంది. అక్కడ బంగారం పోయింది, ఇక్కడ ఆడవాళ్లకు ప్రాణం కన్నా ఎక్కువైన మానాన్నే అడుగుతున్నాడు. అతని మాట వేదవాక్యమనుకుని వాళ్లు ఇచ్చేస్తారు. అయినా నీళ్లు ఆగవు.

అప్పుడు వస్తుంది 'అల్లకల్లోలమాయెనమ్మ యమునాదేవి' అనే పాట, సౌరాష్ట్ర రాగంలో. గోపికలు నదిని అమ్మా అని పిలిచి మొర పెట్టుకుంటారు. తామేమైనా ఫరవాలేదు, కృష్ణుడు మాత్రం క్షేమంగా ఒడ్డు చేరాలన్నదే వాళ్ల ఆరాటం. తుపాను పుట్టించినవాడినే తుపాను నుంచి కాపాడమని నదిని వేడుకుంటున్నారన్నమాట! కాసేపటి క్రితం 'నా కృష్ణుడు' అని గర్వపడిన నోళ్లే అవి. ప్రేమ అదే, ఎక్కడికీ పోలేదు. అందులోంచి 'నేను' ఒక్కటే జారిపోయింది. గాలివాన ఆగి పడవ ఒడ్డు చేరుతుంది. నాకైతే త్యాగయ్య రాసిన ఏ వేదాంత కీర్తనకూ ఈ ఘట్టం తీసిపోదనిపిస్తుంది.

ఇంగ్లీషు సాహిత్యం చదివినవాళ్లకు షేక్స్పియర్ టెంపెస్ట్ గుర్తుకు రావచ్చు. 1611 నాటికే ఆడిన నాటకం. అక్కడా తుపాను ప్రాస్పెరో అనే మాంత్రికుడి మాయ, అక్కడా ఎవరి వెంట్రుకా రాలదు. మునిగిపోతున్నవాళ్లను చూసి ఏడ్చేది అతని కూతురు మిరాండా. ఓడ నడిపేవాడు దొరల మీద కసురుకుంటూ, ఈ హోరుకు రాజు పేరు లెక్కేమిటంటాడు. రాజై ఉండీ తెప్ప లేనివాళ్లలో తననూ కలుపుకున్న కులశేఖరులు ఆ మాట వింటే మెచ్చుకునేవారేమో.

నాటకంలో అందరూ ఒడ్డెక్కుతారు సరే, మన నగరం సంగతి? 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు వేలమంది పోయారు. అఫ్జల్‌గంజ్‌లో, ఇప్పటి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది బతికారు. అప్పటి నిజాం మహబూబ్ అలీ పాషా నది దగ్గరికి వెళ్లి చీర, పసుపుకుంకుమలు సమర్పించి శాంతించమని వేడుకున్నాడని పాతబస్తీలో ఇప్పటికీ చెప్పుకుంటారు. యమునను అమ్మా అన్న గోపికల పిలుపూ అదే వరస. 1990 మార్చిలో హుస్సేన్ సాగర్‌లో బుద్ధ విగ్రహాన్ని తీసుకెళ్తున్న బార్జి ఒరిగి, విగ్రహం అడుగుకు చేరింది. దాన్ని పైకి తీసి 1992 డిసెంబరులో నిలబెట్టారు. ఆ రోజు నీటిలో పోయిన మనుషులు మాత్రం తిరిగి రాలేదు.

వాళ్లెవరూ ప్రసాదం మరిచిపోయినవాళ్లు కాదు, గర్వపడినవాళ్లూ కాదు. పని మీద ఉన్నవాళ్లు. ఇలాంటి చోట 'ఏదో అపచారం జరిగి ఉంటుంది' అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. వ్రతకథ పట్టుకుని లోకంలో జరిగే ప్రతి ప్రమాదానికీ తప్పు వెతకకూడదు. కులశేఖరులు ఆ పని చేయలేదు. మునుగుతున్నవాళ్లు ఎందుకు మునుగుతున్నారో, ఎవరిది తప్పో ఆయన శ్లోకంలో ఎక్కడా అడగలేదు. తెప్ప లేదు, ఓడ కావాలి, అంతే.

ఈ కార్తీకంలో వ్రతం చేసుకునేవాళ్లు నాలుగో అధ్యాయం అయ్యాక పంతులుగారిని ఒక్క నిమిషం ఆగమని ఈ శ్లోకం కూడా చదివించుకోండి. వంటవాళ్లు తొందరపెడితే పెట్టనివ్వండి, ఆ తర్వాత వచ్చే తుంగధ్వజుడి అధ్యాయం ఎలాగూ చిన్నదే.