పాత థర్మోస్టాట్ పీకి స్మార్ట్‌ది పెట్టా, ఇప్పటిదాకా సంగతి

మిషిగన్‌లో మాది 1978లో కట్టిన ఇల్లు, బేస్‌మెంట్‌లో ఇంటిని వేడి చేసే గ్యాస్ ఫర్నేస్, హాల్లో గోడకి దాన్ని టెంపరేచర్‌ని బట్టి ఆన్ ఆఫ్ చేసే గుండ్రటి థర్మోస్టాట్, లోపల గాజుబుడ్డిలో పాదరసం ఉండే రకం. (అలాంటిది మీ ఇంట్లో ఉంటే మామూలు చెత్తలో మాత్రం పడేయొద్దు, ప్రమాదకరమైన చెత్త విడిగా తీసుకునే చోట ఇవ్వాలి.)

శనివారం: మూత తీయగానే ఫోటో కొట్టా. ఆర్, డబ్ల్యూ, వై, జీ అని అక్షరాలున్న స్క్రూలకి నాలుగే వైర్లు, సీ లేదు. పాతది ఉత్త స్విచ్ కాబట్టి దానికి కరెంటుతో పన్లేదు, కొత్తదానికి స్క్రీనూ వైఫై అన్నీ ఉన్నాయి కదా, 24 వోల్టులు ఎప్పుడూ అందుతూ ఉండాలి, సీ వైరు అందుకే. కేబుల్ కాస్త బయటికి లాగితే నీలం వైరు ఒకటి వెనక్కి చుట్టి వదిలేసి ఉంది, హమ్మయ్య అనుకున్నా. రెండో కొస ఫర్నేస్ బోర్డు దగ్గర కూడా ఖాళీగానే ఉంది, సీ స్క్రూకి బిగించా.

ఇక్కడే తప్పు చేశా. 24 వోల్టులే కదా అని బ్రేకర్ ఆపలేదు, పైన ఎర్ర వైరు వెళ్ళి నీలానికి తగిలింది, అంతే, బోర్డు మీద 3 ఆంప్ ఫ్యూజు పోయింది. బయట మంచు, ఇంట్లో 61 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి దిగింది, అదృష్టం అది కార్లలో వాడే ఊదారంగు ఫ్యూజే, కార్ల సామాను షాపులో దొరికింది. మార్చినా ఆన్ కాలే, అరగంట తల బద్దలు కొట్టుకున్నాక తెలిసింది, ఫర్నేస్ తలుపు సరిగ్గా కూర్చోకపోతే లోపలి సేఫ్టీ స్విచ్ కరెంటు రానివ్వదట.

మంగళవారం: ఫర్నేస్ ఊరికే ఆగుతూ వెలుగుతూ ఉంది. పెట్టిన టెంపరేచర్ కన్నా ఎంత తగ్గితే వెలగాలి అనే తేడా సెట్టింగ్‌లో అర డిగ్రీ ఉంటే ఒకటి చేశా, కుదురుకుంది. వైర్లొచ్చే కన్నంలోంచి గోడలోని చల్లగాలి తగిలి రీడింగ్ తక్కువ చూపిస్తోంది, దాన్ని పుట్టీతో మూసేశా.

శుక్రవారం: ఆఫీసు నుంచి వచ్చేసరికి అమ్మ శాలువా, స్వెటరు, పైన నా జాకెట్ వేసుకుని కూర్చుంది. పొద్దున్నుంచీ వెనక గదిలో పూజ, తర్వాత ఫోన్లో సీరియల్, హాల్లోకి రాలేదు. హాల్లో కదలిక లేదు కాబట్టి ఇంట్లో ఎవరూ లేరనుకుని అది 62కి దించేసింది.

"నేను మనిషిని కానేంట్రా దానికి?" అంది.

ఆ గదిలో విడి సెన్సర్ ఒకటి పెట్టా, పగలు టెంపరేచర్ దాన్ని బట్టే చూసేట్టు మార్చా, ఎవరూ లేనప్పుడు దించే ఆప్షన్ అమ్మ వెళ్ళేదాకా బంద్. ఇప్పుడు 72, గ్యాస్ బిల్లు సంగతి ఆవిడకి చెప్పట్లేదు.

బెజవాడ ఇంట్లో ఏసీకి కూడా ఇలాంటిది పెట్టమంటోంది. స్ప్లిట్ ఏసీకి ఈ వైర్లుండవు, రిమోట్‌లా సిగ్నల్ పంపే చిన్న డబ్బా కావాలి, అది వచ్చే ట్రిప్పుకి.