దారం తెగలేదు, తోలు తెగింది

నిద్ర పట్టట్లేదు. బైకుకి తగిలించే ఆ తోలు సైడ్ బ్యాగు, నేను కుట్టిందే, బల్ల మీద అలాగే ఉంది, ఎడమ పట్టీ ఊడి వేలాడుతూ. లైటు తీసేసి పడుకున్నదాన్ని మళ్ళీ లేచి వచ్చాను. రేపు పెద్దదానికి పరీక్ష, రాత్రి సుత్తి ముట్టుకోకూడదని ఇంట్లో ఒప్పందం. అందుకని టైపు చేస్తూ కూర్చున్నాను.

పొద్దున ఆ బ్యాగు కుట్టించుకున్న అబ్బాయి దాన్ని పట్టుకొచ్చి "అక్కా, దారం ఆగలేదు" అన్నాడు. దారం ఆగకపోవడమేమిటి! 0.8 మి.మీ. మందం, మైనం పట్టించిన పాలిస్టర్ దారం, రెండు సూదులతో చేత్తో కుట్టినది. నాకు చర్రున కోపం వచ్చింది. లోపల ఏం పెట్టావని అడిగితే పనిముట్లు, వానకోటు, గొలుసు తాళం అన్నాడు. గొలుసు తాళం అన్న మాట వినగానే తప్పు అతనిదేనని తేల్చేసి, ఆ మాట మొహం మీదే అనేశాను. అతను వెళ్ళాక తీరిగ్గా చూస్తే దారం పోగు కూడా తెగలేదు. కుట్లన్నీ బ్యాగు వెనక పలకకి అంటిపెట్టుకుని వరసగా ఉన్నాయి. తెగింది పట్టీ తోలు. అడ్డంగా వేసిన వరసలో ఒక రంధ్రం నుంచి ఇంకో రంధ్రానికి చీలుకుంటూ పోయింది, రసీదు పుస్తకంలోంచి కాగితం చింపినట్టు.

"దట్టంగా" అన్న మాట మీద నాకు ఎప్పటినుంచో కోపం. ఇంకొంచెం దట్టంగా కుట్టండి, గట్టిగా ఉంటుంది అంటారు. గుడ్డకైతే నిజమే. గుడ్డలో సూది దిగితే పోగులు పక్కకి జరిగి దారి ఇస్తాయి, సూది పైకి రాగానే మళ్ళీ దగ్గరికొస్తాయి. తోలు సూది మొనకి అంచు ఉంటుంది, కోసుకుంటూ దిగుతుంది. కోసిన పీచు మళ్ళీ అతకదు. కుట్టు విప్పినా రంధ్రం పోదు, అందుకే తోలు మీద పొరపాటున పడ్డ వరసని దాచడం ఎవరి వల్లా కాదు. గుండుసూదులు గుచ్చి కూడా ఉంచం, క్లిప్పులు పెడతాం. అంటే అదనంగా వేసే ప్రతి కుట్టూ అదనంగా ఒక కోత.

బైకు నడిపేవాళ్ళకి నేను కుట్టే జాకెట్ తోలు 1.2 నుంచి 1.4 మి.మీ. ఉంటుంది. దానికి కుట్టుకీ కుట్టుకీ 3 నుంచి 3.5 మి.మీ. ఎడం పెడితే అంగుళానికి ఏడో ఎనిమిదో పడతాయి, చాలు. టెక్స్ 70 దారం (టెక్స్ అంటే దారం లావు లెక్క), 110 నంబరు సూది. 110 అంటే సూది కాండం 1.1 మి.మీ. అని. బ్యాగు తోలు 3, 4 మి.మీ. మందం. దానికి 4 మి.మీ. ఎడం, మిషను మీదైతే టెక్స్ 135 దారం, 140 నంబరు సూది. ఇంత చెప్పాక కూడా ఫోనులో ఏదో ఫొటో చూపించి అంగుళానికి పన్నెండు కావాలంటారు. తెల్ల దారంతో, బొద్దుగా కనబడేలా. బొద్దు దారానికి పెద్ద సూది కావాలి, పెద్ద సూదికి పెద్ద రంధ్రం పడుతుంది, పెద్ద రంధ్రాలు దగ్గర దగ్గరగా వేస్తే మిగిలేది తోలు కాదు, జల్లెడ.

ఇంకా మండేది భుజాల మీద, మోచేతుల మీద వజ్రం గళ్ళ కుట్టు అడిగినప్పుడు. బండి మీంచి పడినప్పుడు ముందు నేలకి తగిలేవి భుజం, మోచెయ్యి, తుంటి, మోకాలు. సరిగ్గా అక్కడే పై పొర నిండా గీతలు గీతలుగా రంధ్రాలు పొడవమంటారు. పైగా ఆ గళ్ళ దారమంతా తోలు పైనే ఉంటుంది, రోడ్డుకి మొదట తగిలేది అదే. గళ్ళు కావాలంటే ఛాతీ మీద పెట్టుకోండి, కాదనను. మోచేతి మీద మాత్రం ఒకే ముక్క ఉండాలి, అతుకు లేకుండా, పైన రెండో పొర తోలుతో. ఈ మాట ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. చెప్పినప్పుడల్లా ఫొటోలో ఉంది కదా అంటారు.

ఇదివరకు బాగుకి వచ్చిన ఒక కాలిన జాకెట్ గుర్తొస్తోంది. కాలినది అంటున్నాను గానీ మంట తగల్లేదు, రోడ్డు మీద రాసుకుపోయింది. మనిషికి దెబ్బలేమీ తగల్లేదు. జాకెట్ కుడి చెయ్యి బాగు చెయ్యమని ఇచ్చారు. లైనింగు విప్పి చెయ్యి మొత్తం తిరగేసి బల్ల మీద పరిచాను. మోచేతి కింద నుంచి మణికట్టు దాకా వెనక అతుకు ఉంది. రెండు ముక్కల్ని నున్నటి వైపులు ఎదురెదురుగా పెట్టి లోపల ఒక వరస కుట్టి, 10 మి.మీ. అంచుని ఒక పక్కకి మడిచి, జిగురుతో అంటించి, పైనుంచి ఇంకో రెండు వరసలు వేశారు. ఆ పై రెండు వరసలూ దాదాపు జానెడు పొడవున లేవు. అరిగిపోయిన చోట దారం కొసలు చిన్న పూసల్లా గట్టిపడి ఉన్నాయి. నైలాన్ రకాన్ని బట్టి 220 నుంచి 260 డిగ్రీల దగ్గర కరుగుతుంది, రాపిడి వేడి అక్కడిదాకా పోయిందన్నమాట. తోలు పై పొర గరుకుగా లేచింది కానీ చిల్లు పడలేదు. లోపలి వరస మాత్రం ఒక్క కుట్టు కూడా కదల్లేదు, మడత చాటున కొత్తదానిలా ఉంది. చెయ్యి విచ్చుకోకుండా ఆపింది ఆ కనబడని వరసే. ఎంతసేపు దాన్ని వేలితో తడుముతూ కూర్చున్నానో తెలీదు. కుట్టినవాళ్ళెవరో నాకు తెలీదు, వాళ్ళ చేతికి దణ్ణం పెట్టాలనిపించింది. అప్పటి నుంచి జాకెట్లకి లోపలి వరస మీదే నా శ్రద్ధంతా. దారం బిగువు చూసేది అక్కడే, కొత్త సూది వేసేది దానికే. బైకు నడిపేవాళ్ళ దుస్తులకి 2020లో వచ్చిన యూరప్ ప్రమాణం, ఈఎన్ 17092, అతుకు బలాన్ని ఒకటిగా, తోలు చిరుగుకి ఆగే బలాన్ని ఇంకొకటిగా పరీక్షిస్తుంది. రెండూ వేరని ఆ చెయ్యి నాకు ముందే చూపించింది.

చూపించి ఏం లాభం.

పట్టీ మళ్ళీ చేతిలోకి తీసుకున్నాను. తప్పు తోలు మీదకి నెడదామంటే అది పశువు తోలులో గట్టిదైన వెన్ను భాగం నుంచి కోసినదే. వంచి చూస్తే ముడతలు సన్నగా, దగ్గరగా పడుతున్నాయి. పొట్ట భాగమైతే వదులుగా ఉబ్బేది. సైలెన్సర్ వేడి అనుకుందామంటే, బెరడుతో పదును చేసిన తోలు తడిసి ఉంటే 75, 80 డిగ్రీల దగ్గర ముడుచుకుని చెక్కలా అవుతుంది, నిజమే. కానీ సైలెన్సర్ కుడివైపు, తెగింది ఎడమది. సరే, దట్టం కుట్టే కారణమనుకుని స్కేలు పెట్టి కొలిచాను. కుట్ల మధ్య ఎడం 2.7 మి.మీ. వచ్చింది. పర్సులకి వాడే పళ్ళ ఉలితో గుర్తులు పెట్టాను, వేరేది తియ్యడానికి బద్ధకించి. ఇదిగో దొరికింది అనుకున్నాను.

అప్పుడు కనబడింది. పట్టీ పొడవునా వేసిన నిలువు వరసలు రెండూ కూడా 2.7 మి.మీ. ఎడమే. అదే ఉలి, రంధ్రం పొడిచే అదే ఆరె, అదే దారం, అదే బరువు. వాటిలో ఒక్క రంధ్రం కూడా సాగలేదు. దట్టం ఒక్కటే తప్పైతే అవి కూడా చిరగాలి కదా. ఇక్కడ నా వాదన నాకే నిలబడలేదు.

లెక్క వేశాను. పట్టీ వెడల్పు 25 మి.మీ. అడ్డ వరసలో రంధ్రాలు తొమ్మిది. ఆరె అలుగు వెడల్పు 2 మి.మీ., కోత వాలుగా పడుతుంది కాబట్టి పట్టీ వెడల్పులో ఒక్కోదానికి 1.4 మి.మీ. పోతుంది. తొమ్మిదింటికి 12.6. బరువంతా లాగే చోట, ఒకే గీత మీద, పట్టీలో సగం నేనే కోసేశాను. నిలువు వరసలైతే ఎక్కడ అడ్డంగా కొలిచినా రెండే రంధ్రాలు ఎదురవుతాయి, పోయేది 2.8. మిగతా 22 పైచిలుకు తోలు బరువు మోస్తుంది. 4 మి.మీ. ఎడంతో వేసినా అడ్డ వరస అడ్డ వరసే, ఆరు రంధ్రాలు పడతాయి, పట్టీలో మూడోవంతు పోతుంది. కొంచెం ఆలస్యంగా తెగేది, అంతే.

అసలు అడ్డ వరస ఎందుకు వేశాను? పెట్టె ఆకారం కుట్టు, నాలుగు వైపులా గీతలు, మధ్యలో ఇంటూ. చూడ్డానికి బలంగా ఉంటుంది. అది నైలాన్ నేత పట్టీలకి వేసే కుట్టు. నేత పట్టీలో పోగులు జరిగి దారి ఇస్తాయి, అక్కడ అది సరైనదే. గుడ్డ లెక్క తోలుకి పనికిరాదని పైన అంత పొడుగు రాశాను కదా, ఆ గుడ్డ లెక్కే నేను ఈ పట్టీ మీద వేశాను. పైగా ఆ గీత సరిగ్గా బ్యాగు పై అంచు దగ్గర, పట్టీ వంగే చోట పడింది. గుంతలో చక్రం దిగినప్పుడల్లా పట్టీ అక్కడే వంగి లేస్తుంది. చేత్తో కుట్టిన కుట్టులో ఒకటి తెగినా పక్కది ఊడదని నేను గొప్పగా చెప్పే మాట నిజమే. దారం తెగినప్పుడు కదా అది అక్కరకొచ్చేది.

మిషను సూదుల్లో కూడా ఈ సంగతి ఉంది, ఇన్నాళ్ళూ చదివి వదిలేశాను. ఎస్ మొన సూది వరస వెంబడి కోస్తుంది, కుట్లు దగ్గరైతే కోతలన్నీ కలిసి ఒకే చీలిక అవుతాయి. పి మొన వరసకి అడ్డంగా కోస్తుంది, కోతకీ కోతకీ మధ్య తోలు మిగులుతుంది, అందుకే దగ్గర కుట్లకి దాన్ని వాడతారు. ఎల్‌ఆర్ మొనది వాలు కోత. అంటే దట్టంగా కుట్టమన్న వాళ్ళందరూ తప్పు కాదు. కోత ఎటు పడుతోంది, బరువు ఎటు లాగుతోంది అన్నది చూడకుండా ఎడం ఒక్కటే కొలిచి దెబ్బలాడింది నేను. భుజం మీద గళ్ళ విషయంలో మాత్రం నా మాట మార్చుకోను.

ఇవాళ మంచి కూడా ఒకటి జరిగింది. బైకు పెట్రోలు టాంకు మీద వేసే ఒక తోలు పట్టీ అంచు మొదటి రుద్దుకే గాజులా నున్నగా వచ్చింది.

కొత్త పట్టీ ఇలా. నిలువుగా రెండు వరసలు, అంచుకి 4 మి.మీ. లోపల, 4 మి.మీ. ఎడం. కింది కొస గుండ్రంగా, అక్కడ రెండు వరసలూ కలుస్తాయి, అది బరువు లాగని చివర. పై చివర వరసలు ఊరికే ఆగిపోతాయి, మూడేసి కుట్లు వెనక్కి కుట్టి, బ్యాగు పై అంచుకి 15 మి.మీ. కిందే. రాగి రివెట్లు రెండు, పక్కపక్కన కాదు, ఒకదాని కింద ఒకటి. బండి రంగు గీసుకోకుండా రివెట్ల మీద ఒక పలచటి తోలు ముక్క. పట్టీ లోవైపు 20 మి.మీ. నైలాన్ నేత పట్టీ అంటిస్తాను, తోలు సాగినా అది ఆపుతుంది. జిగురు పెట్టే నున్నటి వైపుని ముందు గరుకు కాగితంతో రుద్దాలి, లేకపోతే పై పూత మీదే అంటుకుని పొరలా లేచిపోతుంది. రెండు వైపులా రాసి, చేతికి అంటనంత ఆరాక నొక్కాలి.

కుడి పట్టీ ఇంకా తెగలేదు, కానీ అదే కుట్టు. అది కూడా విప్పాలి. పొద్దున్నే ఆ అబ్బాయికి ఫోను చేసి తప్పు బరువుది కాదు, నా కుట్టుదని చెప్పాలి. గొలుసు తాళం బ్యాగు అడుగున, వెనక పలక వైపు పెట్టుకోమని కూడా చెప్తాను, అది వేరే మాట.

నోటుబుక్కు తీశాను. పెట్టె కుట్టు వేసిన బ్యాగులు ఇంకో ఏడు ఉన్నాయి. ఐదు ఫోను నంబర్లు దొరికాయి.